గింతీ పులియా

అండమాన్‌లో సాయంత్రమనేది పెద్దగా ఉండదు. టీ గ్లాసు చేతికొచ్చేసరికి ఎండ ఉంటుంది, తాగి కింద పెట్టేసరికి దీపం కావాలి. మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు మొదటి ఏడాదంతా దీన్ని తిట్టుకుంటూనే ఉంటారు. ఇక్కడే పుట్టినవాళ్ళకి ఆ బాధ లేదు. ఝాన్సీలక్ష్మి ఇక్కడే పుట్టింది, ఇక్కడే సోషల్ టీచరు అయింది, ఇక్కడే పెళ్ళాడింది. చీకటంటే భయం ఎరగదు. కనీసం ఆ సాయంత్రం దాకా ఎరగదు.

సిప్పీఘాట్ దాటి వండూర్ వైపు పోయే రోడ్డు మీద, ఒకచోట ఎడమపక్కకి మట్టిదారి దిగుతుంది. ఆ దారి చివర మడచెట్ల మధ్య ఉప్పునీటి కాలువ ఒకటి ఉంది. పోటు వస్తే నిండుతుంది, ఆటుకి బురద తేలుతుంది. దాని మీద మూడు కమానుల రాతి వంతెన. ఖైదీల కాలంలో ఖైదీలే కట్టారు. కొండరాయి, గవ్వల సున్నం, మనిషి చెమట తప్ప అందులో ఇంకేమీ లేదంటారు. రెండుపక్కలా నడుమెత్తు పిట్టగోడలు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే మూడోవాడికి చోటుండదు.

చిన్న వంతెనని ఇక్కడ అందరూ హిందీలో పులియా అంటారు, మన తెలుగువాళ్ళు కూడా అంతే. ఇది గింతీ పులియా. గింతీ అంటే హాజరు లెక్క. అడవిలో చెట్లు కొట్టి తిరిగొచ్చే ఖైదీలని సాయంత్రం పూట ఈ ఇరుకు వంతెన మీద వరసగా నిలబెట్టి లెక్క చూసుకునేవారట. లెక్క సరిపోతే జమాదారు 'పూరా' అని అరిచేవాడు. ఆ మాట వినపడ్డాకే ఎవరైనా కూర్చోవాలి. ఈ కథ ఝాన్సీలక్ష్మి పిల్లలకి ఏటేటా చెబుతూనే ఉంది. పిల్లలు ఏటేటా ఆవులిస్తూనే ఉన్నారు.

ఆ పులియాని ఇప్పుడు కూల్చేస్తున్నారు. పక్కనే కాంక్రీటు వంతెన వేస్తారట. కూల్చొద్దని, కాపాడవలసిన పాతకట్టడాల్లో దీన్ని చేర్చమని ఆవిడ ఎన్ని అర్జీలు పెట్టిందో ఆఫీసుల్లో బంట్రోతులకి కూడా తెలుసు. 'పులియా టీచర్ వచ్చింది' అని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. చరిత్ర అంది, వారసత్వం అంది, రాబోయే తరాలంది. ఇవన్నీ పైకి చెప్పే మాటలు.

అసలు మాట వేరు. మూడేళ్ళ కిందట వానాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ భర్త సత్యారావు ఆ పులియా మీదే కనపడకుండా పోయాడు. అతనిది కొబ్బరికాయల వ్యాపారం. కాలువకి అవతల తోటల్లో కాయలు కొనేవాడు. పులియా బరువు ఆగదని వ్యాను ఇవతలే ఆపి, కూలీలు బస్తాలు మోసుకొస్తుంటే తను వంతెన మధ్యలో నిలబడి లెక్కపెట్టుకునేవాడు. ఎప్పుడూ ఎండ ఉండగానే ముగించేవాడు, ఆ రోజు పొద్దుగూకింది. చివరి బస్తాలు దాటించిన కూలీలు వెనక్కి తిరిగి చూస్తే అతను లేడు. చెప్పులు కూడా లేవు. మొసలి అన్నారు. ఆ కాలువలో మొసళ్ళున్న మాట నిజమే. పడవలేసి వెతికారు, వలలేసి వెతికారు. చొక్కా గుండీ కూడా దొరకలేదు.

శవం లేదు కాబట్టి కర్మ లేదు. బొట్టు తియ్యమని ఎవరూ అనలేకపోయారు, ఉంచుకోమనీ ఎవరూ అనలేకపోయారు. బ్రూక్షాబాద్‌లో తమ ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటోంది. రాత్రిళ్ళు టీవీ పెట్టుకుని నిద్రపోతుంది, మాట వినపడుతుందని. మనిషి ఎక్కడ పోయాడో అక్కడికే కదా తిరిగి రావాలి, ఆ చోటే లేకపోతే ఎక్కడికొస్తాడు? ఇదీ ఆవిడ మనసులో ఉన్నది. పైకంటే పిచ్చి అంటారు, అందుకే చరిత్ర అంది.

డిసెంబరులో, స్కూలు వదిలాక, పులియా దగ్గర ఆవిడకి గోపినాథ్ ఎదురుపడ్డాడు. ఇంజినీరింగ్ ఆఫీసులో జూనియర్ ఇంజినీరు. అతనూ ఇక్కడే పుట్టినవాడు, మంచివాడు. మంచివాళ్ళు చెడ్డకబురు చెప్పేటప్పుడు చేసినట్టే బూట్లు చూసుకుంటూ మాట్లాడాడు.

"దీదీ, మశీను రేపు పొద్దున్నే వచ్చేస్తాది."

"ఫైలు పైకి వెళ్ళింది కదా గోపీ?"

"వెళ్ళింది. సంతకం కాలేదు. నేనేం చెయ్యను, క్యా కరూఁ?" అని ఆగాడు. "ఒక పని చెయ్యండి. పిట్టగోడ రాళ్ళకి సుద్దతో వరస నంబర్లేసి ఫోటోలు తీసుకోండి. పాతకట్టడాలోళ్ళు అలాగే చేస్తారు. కూల్చినా ఆ వరసలోనే ఇంకోచోట మళ్ళీ పేర్చొచ్చు. నేను ఆఫీసుకెళ్ళి ఇంకోసారి అడుగుతా. ఇక్కడ సిగ్నల్ దొరకదు, ఇంటికెళ్ళాక ఫోన్ చూసుకోండి."

స్కూలు బ్యాగులో సుద్దలెప్పుడూ ఉంటాయి. గోపినాథ్ బండి చప్పుడు దూరమయ్యాక ఆవిడ తన స్కూటీ ఇవతలే వదిలి పులియా మీదికి నడిచి, మొదటి రాయి ముందు నిలబడింది. పోటు ఎక్కుతున్నట్టుంది, కమానుల కింద నీళ్ళు నెమ్మదిగా గలగలమంటున్నాయి. మడబురద వాసన, పాత సున్నం వాసన. అంతకుమించి ఏమీ లేదు. మొదటి రాయి మీద 1 అని రాసి, పైకి అంది.

"లాభం."

అది ఆవిడ అలవాటు. ధాన్యం కొలిచినా, కాయలు లెక్కపెట్టినా మనవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. సత్యారావు అయితే మరీను. బజార్లో అరటిపళ్ళు లెక్కపెట్టినా లాభంతోనే మొదలుపెట్టేవాడు. సాయంత్రాలు పెరట్లో కాయల కుప్ప ముందు మొగుడూ పెళ్ళాం చెరోపక్కా కూర్చుని వంతులవారీగా లెక్కపెట్టేవారు. అతను కాయ విసిరి లాభం అనాలి, ఈవిడ రెండు అనాలి, అతను మూడు. మధ్యలో ఎవరు తప్పితే వాళ్ళు టీ పెట్టాలి. అతను కావాలనే తప్పేవాడు. అతని టీ బాగుండేది.

రెండో రాయి మీద 2 వేసింది. "రెండు."

"హాజిర్."

కిందినుంచి వచ్చింది. మగగొంతు, బొంగురుగా, పెద్దగా కాదు. ఎవరో కమాను కింద చేపలు పడుతున్నారనుకుంది. ఎగతాళి చేస్తున్నాడనుకుంది. పిట్టగోడ మీంచి వంగి చూసింది. నీళ్ళు అప్పటికే కమాను సగం దాకా ఎక్కాయి. అక్కడ మనిషి నిలబడడానికి చోటు లేదు, పడవ పట్టడానికీ లేదు.

టీచరు కాబట్టి పరీక్ష చెయ్యకుండా నమ్మదు. మూడో రాయి మీద చెయ్యి వేసి, ఈసారి నెమ్మదిగా, తనకే వినపడేటట్టు అంది.

"మూడు."

"హాజిర్."

ఇది వేరే గొంతు. కుర్రగొంతు. దాంతోపాటు ఒక వాసన కూడా పైకొచ్చింది. తడిసిన గోనెగుడ్డ వాసన, చాలామంది ఒకేచోట చాలాసేపు నిలబడితే వచ్చే చెమట వాసన. ఝాన్సీలక్ష్మి పరిగెత్తలేదు. పరిగెత్తితే వెనకాల ఏదో ఉందని ఒప్పుకున్నట్టవుతుందని, మామూలుగా నడిచే ఇవతలికొచ్చింది. ఇవతలికొచ్చాక మాత్రం స్కూటీ సంగతే మరిచింది, కాళ్ళు ఆగలేదు.

మట్టిదారి మలుపులో గవరమ్మ టీ బడ్డీ ఉంది. గవరమ్మ ముసలిది. కోడలుగా ఈ దీవికొచ్చి, మొగుడినీ అత్తనీ ఇక్కడే సాగనంపి, ఇంకా శ్రీకాకుళం మాటే మాట్లాడుతుంది. టీచరమ్మ మొహం చూసి ఏమీ అడక్కుండా స్టవ్ వెలిగించింది. జరిగింది విన్నాక మంట తగ్గించింది.

"పులియా మీద లెక్కెట్టినావా?" అంది గవరమ్మ.

"రాళ్ళు లెక్కపెట్టాను మామ్మా."

"ఏటైతేనేటి. పొద్దుగూకీయేల ఆ పులియా మీద లెక్కెడితే గింతీయే." గవరమ్మ గొంతు తగ్గించింది. "నాకేటి తెల్సు, మా అత్త సెప్పినాది. ఓ సాయంత్రం ఖైదీలకి లెక్క సూస్తన్నారట. అల్లప్పుడు నీలొచ్చీసినాయి. లెక్క మద్దిలో ఉంది. కదిలితే కొడతారని ఒక్కడూ కదల్నేదట. అందర్నీ వొట్టుకుపోనాయి. జమాదారు ఒడ్డునున్నాడు, ఆడు బతికినాడు. పూరా అన్నోడే నేకుండా పోనాడు. ఆళ్ళింకా నిలబడే ఉన్నారు. ఎవులు లెక్కెట్టినా పలుకుతారు."

"మరి నాకు మొదటిదానికి పలకలేదు. రెండుకి పలికారు."

"ఒకటి అన్నావా?"

"లాభం అన్నాను," అంది ఝాన్సీలక్ష్మి.

"ఒకటో వోడిని పిలవకపోతే ఆడు కిందే ఉండిపోతాడు," అంది గవరమ్మ. "వరసలో సందు ఉండిపోద్ది. గింతీలో సందు ఉండకూడదని మా అత్త అనీది. ఆ సందులోకి ఎవుడో ఒకడు రావాల. నువ్వు మూడు కాడ ఆపి దిగొచ్చీసినావు, నీ అదృష్టం. టీ తాగి ఇంటికెల్లిపో."

టీ చల్లారిపోయింది. బయట వెలుతురు తగ్గుతోంది. ఝాన్సీలక్ష్మికి ఒక్కటే ఆలోచన. మూడేళ్ళ కిందట ఆ వంతెన మధ్యలో నిలబడి, చివరి బస్తా దాకా పైకి లెక్కపెట్టిన మనిషి ఏమన్నాడు? ఎలా మొదలుపెట్టాడు? అడగక్కర్లేదు. అయినా అడిగింది.

"ఆ రోజు ఆయన గొంతు నీకు వినపడిందా మామ్మా?"

గవరమ్మ స్టవ్ ఆర్పేసింది. "ఇనపడకేటి. లాభం అన్నాడు. ఆ బాబు ఎప్పుడూ అంతే గదా."

మనవాళ్ళు శుభమని అనే మాట. హిందీవాళ్ళెవరూ అలా అనరు, బెంగాలీలు అనరు. తెలుగువాడు కాబట్టి అన్నాడు, అన్నందుకు పోయాడు. ఝాన్సీలక్ష్మికి ఏడుపు రాలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆవిడకి ఒక దారి కనపడింది. ఒకటో మనిషిని సరిగ్గా పిలిస్తే వాడొచ్చి తన చోట నిలబడతాడు. వరస నిండుతుంది. అప్పుడు ఆ సందులో నిలబెట్టిన మనిషి అక్కర్లేదు. అక్కర్లేని మనిషిని ఎవరైనా ఎందుకు ఉంచుకుంటారు? రేపు పొద్దున్న మశీను వస్తే వంతెన ఉండదు, వరసా ఉండదు, పిలవడానికి చోటే ఉండదు. ఉన్నదల్లా ఈ సాయంత్రమే.

లేచి నిలబడేసరికి గవరమ్మ ఆవిడ చెంగు పట్టుకుంది. "వొద్దు టీచరమ్మా. వొట్టుకెల్లినోళ్ళు వొట్టుకెల్లినట్టు తిరిగివ్వరు."

"ఎలా ఇచ్చినా సరే," అంది ఝాన్సీలక్ష్మి. అన్నాక తనకే భయమేసింది, కానీ ఆ మాట నిజం. ఖాళీ ఇంటి తాళం రోజూ తనే తీసి తీసి విసిగిపోయిన మనిషి అలాగే అంటుంది.

పులియా చేరేసరికి చీకటిపడింది. ఫోను టార్చి వేసుకుంది. సిగ్నల్ లేదు. మడల్లో ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది, పురుగో, కప్పో, పిట్టో. అప్పుడు మాత్రం ఏదీ కూయడం లేదు. పోటు నిండుగా ఉంది, నీళ్ళు కదలడం లేదు. మొదటి రాయి మీద సుద్దతో వేసిన 1 తెల్లగా కనపడింది. దాని మీద వేలు పెట్టింది. నాలుక చివర లాభం అనే మాట సిద్ధంగా ఉంది. దాన్ని మింగింది.

"ఒకటి."

ఏమీ వినపడలేదు.

తర్వాత ఎక్కడో అడుగున, నీళ్ళకి కూడా కింద, ఎవరో బురదలోంచి కాలు పీక్కున్న చప్పుడైంది. ఇంకో కాలు. ఒక్కొక్క అడుగూ పైకి... పైకి...

"హాజిర్."

ముసలిగొంతు. దగ్గుతో కలిసి వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ పిలవని గొంతు.

"రెండు." "హాజిర్." బొంగురుగొంతు.

"మూడు." "హాజిర్." కుర్రగొంతు.

నాలుగో రాయి మీద నంబరు వేసింది. అయిదు. ఆరు. ఒక్కొక్క రాయికీ ఒక గొంతు. ఒకడికి జ్వరమున్నట్టుంది. ఒకడు ఏడుస్తున్నట్టుంది. ఒకడు ఆ ఒక్క మాటనే ఎంతో ఆశగా అన్నాడు, ఇంటికి పంపిస్తారేమోనని. మనుషులే కదా అనుకుంది ఝాన్సీలక్ష్మి. ఎవరి పిల్లలో, ఎవరి మొగుళ్ళో. వాళ్ళ కోసం కూడా ఎక్కడో ఎవరో ఎదురుచూసి ఉంటారు, చూసి చూసి చచ్చిపోయి ఉంటారు. ఆ ఆలోచనతో కాస్త ధైర్యం వచ్చింది.

వంతెన సగం దాటాక ఆ ధైర్యం పోయింది.

గొంతులు ఇప్పుడు కిందినుంచి రావడం లేదు. పిట్టగోడకి అవతలినుంచి వస్తున్నాయి. అక్కడ నిలబడడానికేమీ లేదు, గాలి తప్ప. తను ఏ రాయి మీద చెయ్యి వేస్తే ఆ రాయికి సరిగ్గా అవతల... చెవికి దగ్గరగా...

"హాజిర్."

టార్చి అటు తిప్పలేదు. తిప్పకూడదని తెలుసు. రాతి మీద పెట్టిన చేతికి చల్లటి ఊపిరి తగిలింది. చీర అంచుకి తడి తగిలింది. నంబరు వేసింది. ముందుకి జరిగింది. పిలిచింది. మళ్ళీ పలికాడు. సుద్ద అరిగిపోయింది, గోరు రాతికి గీసుకుంటోంది.

ఆఖరి రాయి.

పిలిచింది. పలికాడు. ఇంక రాయి లేదు. వరసంతా ఆవిడ వైపే చూస్తున్నట్టు అనిపించింది, ఒక్క మాట కోసం. పిల్లలకి ఏటేటా చెప్పిన మాట, తనెన్నడూ గట్టిగా అనని మాట.

"పూరా."

పిట్టగోడకి అవతల ఒక్కసారిగా అందరూ ఊపిరి వదిలారు. తర్వాత కూర్చున్నారు. అంతమంది ఒకేసారి కూలబడిన చప్పుడు, మోకాళ్ళు విరిగినట్టు, బస్తాలు దింపినట్టు. ఎవరో సన్నగా మూలిగారు. అది బాధ కాదు, సుఖం. తర్వాత ఏమీ లేదు.

ఝాన్సీలక్ష్మి అలాగే నిలబడింది. టార్చి వెలుగు ఆవిడ కాళ్ళ ముందు పడుతోంది. అతను రాలేదు. ఎవరూ రాలేదు. ఇదంతా తన పిచ్చేనేమో, మూడేళ్ళ ఒంటరితనం ఇన్ని గొంతులు పుట్టించిందేమో...

అప్పుడు వెనకాల, వంతెన మధ్యలోంచి, చాలా నెమ్మదిగా...

"లాభం."

ఆ గొంతు ఆవిడకి తెలియనిదా? కాస్త ముక్కుతో పలికే ఆ గొంతు, కాయ విసురుతూ అన్నట్టు చివర కొంచెం లాగే ఆ మాట. ఒళ్ళంతా కరిగిపోయింది. భయం గుర్తులేదు, వంతెన గుర్తులేదు. పెరడు గుర్తొచ్చింది, కాయల కుప్ప గుర్తొచ్చింది, ఎదురుగా అతను నవ్వుతూ కూర్చోవడం గుర్తొచ్చింది. అన్నేళ్ళ అలవాటు నోటికి ముందే తెలుసు.

"రెండు," అంది.

అన్న మరుక్షణం, పిట్టగోడకి అవతల, కూర్చున్నవాళ్ళంతా మళ్ళీ లేచి నిలబడ్డ చప్పుడైంది.

వెంటనే వెనక్కి తిరగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇంకో అంకె రాకుండా. ఇవతలికి రావాలంటే మళ్ళీ వంతెనంతా దాటాలి. కళ్ళు మూసుకునే వెనక్కి తిరిగి, మధ్యగా నడిచింది. ఎవరూ ఆపలేదు. రెండుపక్కలా ఎవరో జరిగి దారిచ్చినట్టు మాత్రం అనిపించింది. మధ్యలో ఒకచోట తడి చొక్కా వాసన, దాంతోపాటు కొబ్బరి పీచు వాసన. అక్కడినుంచి వెనకాల అడుగులు వినపడ్డాయి. ఒకే మనిషివి. అంతవరకు ఆవిడ విన్నది నిజం.

"ఏమండీ," అంది గుసగుసగా, తిరిగి చూడకుండానే. "ఇంటికి పోదాం."

స్కూటీ స్టార్టు చేసింది. వెనక సీటు కిందికి కుంగింది. అప్పట్లో అతను ఎక్కితే ఎంత కుంగేదో అంతే కుంగింది. మూడేళ్ళుగా ఆ సీటు మీద కూరగాయల సంచీ తప్ప ఏదీ కూర్చోలేదు. వీపంతా చల్లగా తడిసిపోతోంది. అయినా ఆవిడకి సంతోషంగా ఉంది. అది దాచడమెందుకు? భయంతో పళ్ళు టకటకమంటున్నాయి, అయినా సంతోషంగానే ఉంది. గవరమ్మ బడ్డీ దగ్గరికొచ్చేసరికి బడ్డీ మూసి ఉంది. తలుపు సందులోంచి వెలుగు కనపడింది, స్కూటీ చప్పుడు విని ఆ వెలుగు కూడా ఆరిపోయింది.

రోడ్డెక్కాక ఫోను మోగింది. బండి పక్కకి ఆపి ఎత్తింది.

"దీదీ, ఎక్కడున్నారు? ఇందాకటినుంచి చేస్తున్నా," అన్నాడు గోపినాథ్. గొంతులో ఉత్సాహం. "సంతకం అయిపోయింది. ఆర్డర్ నా చేతిలోనే ఉంది. పులియా కూల్చరు, మరమ్మతు చేసి కాపాడతారు. ఎప్పటికీ ఎవరూ ముట్టుకోరు దాన్ని. మీరింక హాయిగా నిద్రపోండి."

"ఎప్పుడైంది?"

"మీరు అక్కడుండగానే. సిగ్నల్ లేదుగా, క్యా కరే." కాస్త ఆగాడు. "దీదీ, పక్కన ఎవరున్నారు? సత్సంగానికి వెళ్ళారా? చాలామంది ఉన్నట్టుంది."

"ఎవరూ లేరు," అని ఫోను పెట్టేసింది. ఆ కబురు ఇంకాస్త ముందు అందితే తను వెళ్ళేదే కాదు. వెళ్ళకపోతే ఈయన వచ్చేవాడే కాదు. మంచే జరిగిందని తనకి తను గట్టిగా చెప్పుకుంది.

బ్రూక్షాబాద్ చేరి ఇంటి తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి నిలబడింది. ముందు అతన్ని వెళ్ళనిచ్చింది. తర్వాత లోపలికొచ్చి గడియ పెట్టి లైటు వేసింది.

సత్యారావు హాల్లో గోడకి ఆనుకోకుండా, గోడ వారన నిలబడి ఉన్నాడు. అదే నీలం గళ్ళ చొక్కా. వేళ్ళ చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం పాలిపోయింది గానీ అతనిదే. మీసంలో ఆ ఎడమపక్క తెల్లవెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆవిడ దగ్గరికెళ్ళి చేయి ముట్టుకుంది. రాయిలా చల్లగా ఉంది. అయినా చేయే.

టీవీ పెట్టలేదు ఆ రాత్రి. అవసరం లేదనిపించింది. వంటింట్లోకెళ్ళి గబగబా అన్నం వండింది, చేపల పులుసు వేడిచేసింది, రెండు కంచాలు పెట్టింది. పని చేస్తూ మాట్లాడుతూనే ఉంది. స్కూల్లో కొత్త హెడ్మాస్టరు గురించి, పెరట్లో నిమ్మచెట్టు కాసిన సంగతి, అతని వ్యాను అమ్మకుండా ఉంచిన సంగతి. మూడేళ్ళ మాటలన్నీ ఒక్క గంటలో చెప్పెయ్యాలన్నట్టు చెప్పింది. హాల్లోంచి నీటిబొట్లు నేల మీద పడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఏమండీ, కూర్చోండి. అన్నం చల్లారిపోతోంది."

అతను కూర్చోలేదు. కళ్ళు ఆవిడ భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. చేతులు పక్కకి బిగబట్టి ఉన్నాయి. ఆవిడ బతిమాలింది. టీ పెట్టనా అంది. తప్పింది నేనే, ఈసారి నేనే పెడతాను అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

అప్పుడు అతను కదిలాడు. ఒక్క అడుగు, పక్కకి. కుడివైపు. అంతే, మళ్ళీ నిటారుగా నిలబడిపోయాడు. అతని ఎడమపక్కన గోడ వారన ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీ అయింది. ఆ చోట నేల పొడిగా ఉంది.

ఆవిడకి అర్థమైంది. పులియా మీద అతను లాభం అంటే తను రెండు అంది, ఆ రెండో చోటే ఇది. మూడేళ్ళు ఎదురుచూసిన మనిషి పక్కన చోటు, ఎవరూ వద్దనని చోటు. వెళ్ళి నిలబడడం ఎంతసేపు? కాలు ఒకటి ఆవిడకి తెలియకుండానే ముందుకి పడింది.

అక్కడే ఆగిపోయింది.

ఆ ఖాళీకి అవతల, గోడ మూల దాకా ఎవరూ లేరు. హాలంతా లైటు వెలుగుతోంది, స్పష్టంగా కనపడుతోంది, ఎవరూ లేరు. కానీ అక్కడ కూడా నేల తడుస్తోంది... బొట్టు బొట్టుగా... ఒకచోట, దాని పక్కన ఇంకోచోట, దాని పక్కన ఇంకోచోట, తలుపు దాకా.